యూఎస్‌బీ డ్రైవ్ నుంచి లినక్స్ బూటింగ్: చిక్కులు, మరమ్మతులు

పెన్ డ్రైవ్‌లోనో, కేబుల్‌తో తగిలించే ఎస్‌ఎస్‌డీలోనో లినక్స్‌ను పూర్తిగా ఇన్‌స్టాల్ చేసి, కంప్యూటర్ లోపలి డిస్క్ జోలికి పోకుండా దాని నుంచే పని చేసుకోవడం చాలా ఏళ్లుగా ఉన్న పద్ధతే. ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లో చక్కగా లేచిన సిస్టమ్ పక్క కంప్యూటర్‌కు తగిలిస్తే లేవకపోవడం, డ్రైవ్ తీసేశాక లోపలి విండోస్ కూడా మొరాయించడం ఇందులో తరచూ ఎదురయ్యే చిక్కులు. వీటిలో చాలావాటికి మూలం ఒకటే. డిస్క్, కంప్యూటర్ ఎప్పటికీ కలిసే ఉంటాయన్న నమ్మకంతో ఇన్‌స్టాలర్లు పని చేస్తాయి. బూట్‌కు కావలసిన సమాచారంలో కొంత మదర్‌బోర్డులో వదిలేస్తాయి. ఆ ఒక్క కంప్యూటర్‌కే చెల్లే వివరాలు కొన్ని డ్రైవ్‌లోకి ఎక్కిస్తాయి. చేతులు మారుతూ తిరగాల్సిన డ్రైవ్‌కు ఈ రెండూ గుదిబండలే.

లైవ్ డ్రైవ్ వేరు

పెన్ డ్రైవ్‌లో లినక్స్ అనగానే చాలామందికి గుర్తొచ్చేది లైవ్ డ్రైవ్. జర్మనీకి చెందిన క్లాస్ క్నాపర్ 2000లో విడుదల చేసిన క్నాపిక్స్ సీడీ ఈ వాడకాన్ని బాగా జనంలోకి తెచ్చింది. తర్వాత సీడీ పోయి పెన్ డ్రైవ్ వచ్చింది. లైవ్ సిస్టమ్ దాదాపు మొత్తం కుదించిన ఫైల్ రూపంలో, మార్చడానికి వీల్లేకుండా ఉంటుంది. లేచిన ప్రతిసారీ హార్డ్‌వేర్‌ను కొత్తగా వెతుక్కుంటుంది. తన బూట్ లోడర్‌ను ఏ కంప్యూటర్ అయినా వెతికే చోటే పెట్టుకుంటుంది. పూర్తి ఇన్‌స్టాలేషన్‌కు ఈ గుణాలు వాటంతట అవి రావు. "లైవ్‌లో బాగానే లేచిందే, అదే డిస్ట్రోను ఇన్‌స్టాల్ చేస్తే ఎందుకు లేవదు?" అని అడిగేవారికి జవాబు ఇదే. అయితే మరమ్మతు వేళ లైవ్ డ్రైవ్‌ను మించిన పనిముట్టు లేదు. అది లేని చోట ఈ పని మొదలుపెట్టకపోవడం మంచిది.

ఎక్కడ ఆగింది?

పవర్ బటన్ నొక్కిన దగ్గర్నుంచి లాగిన్ తెర వచ్చేదాకా పెత్తనం నాలుగు చేతులు మారుతుంది. మొదట మదర్‌బోర్డులోని ఫర్మ్‌వేర్ డ్రైవ్‌ను గుర్తించి బూట్ లోడర్‌ను నడుపుతుంది. ఎక్కువ డిస్ట్రోలలో ఆ లోడర్ గ్రబ్. గ్రబ్ వచ్చి కెర్నెల్‌నూ, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అనే చిన్న తాత్కాలిక ఫైల్ సిస్టమ్‌నూ మెమరీలోకి ఎక్కిస్తుంది. కెర్నెల్ ఆ తాత్కాలిక సరంజామాతో అసలు రూట్ పార్టిషన్‌ను వెతికి పట్టుకుంటుంది. చివరగా సిస్టమ్‌డీ మిగతా సేవలన్నీ మొదలుపెడుతుంది.

ఎక్కడ ఆగిందో తెరే చెబుతుంది. బూట్ మెనూలో డ్రైవ్ పేరే లేకపోతే తగువు ఫర్మ్‌వేర్‌తో. 'గ్రబ్' అన్న మాటతో ప్రాంప్ట్ వస్తే ఫర్మ్‌వేర్ తన పని చేసేసింది, గ్రబ్‌కు తన ఫైళ్లు దొరకలేదు. '(ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్)' అని ప్రాంప్ట్ వస్తే కెర్నెల్ లేచింది, రూట్ పార్టిషన్ దొరకలేదు. తెర నల్లగా ఉండి డ్రైవ్ లైటు మాత్రం మిణుకుమిణుకుమంటుంటే గ్రాఫిక్స్ డ్రైవర్‌ను అనుమానించాలి. "లినక్స్ రావడం లేదు" అన్న ఫిర్యాదు ఎవరికీ ఉపయోగపడదు. తెర మీద చివరగా కనిపించిన వరుసల ఫొటో ఒక్కటి వంద మాటల పెట్టు. ఆ వరుసలు లోగో చాటున దాక్కుంటే గ్రబ్ మెనూలో 'ఇ' మీట నొక్కి, 'లినక్స్' అని మొదలయ్యే వరుస చివర ఉన్న 'క్వైట్', 'స్ప్లాష్' మాటలు చెరిపి, ఎఫ్10తో బూట్ చేస్తే అన్నీ బయటపడతాయి. ఈ మార్పు ఆ ఒక్కసారికే.

డ్రైవ్ కనబడకపోతే

బూట్ మెనూకు కంపెనీకో మీట ఉంటుంది. డెల్, లెనోవో ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎఫ్12, హెచ్‌పీకి ఎఫ్9, ఆసుస్ ల్యాప్‌టాప్‌లకు ఎస్కేప్. మీట సరైనదే అయినా మెనూలో డ్రైవ్ లేకపోతే ఫర్మ్‌వేర్ సెట్టింగుల్లో ఫాస్ట్ బూట్ ఉందేమో చూడాలి. కొన్ని సెకన్లు మిగుల్చుకోవడానికి అది యూఎస్‌బీ పోర్టులను తట్టి లేపకుండానే ముందుకు పోతుంది. విండోస్‌లో ఉండే ఫాస్ట్ స్టార్టప్ ఇంకొకటి. దాన్ని వాడే కంప్యూటర్‌లో షట్‌డౌన్ అంటే నిజానికి సగం నిద్రే. కాబట్టి విండోస్ నుంచి షట్‌డౌన్ కాక రీస్టార్ట్ నొక్కి, అప్పుడు బూట్ మెనూ తెరవాలి. హబ్‌లూ, క్యాబినెట్ ముందువైపు పోర్టులూ వదిలేసి మదర్‌బోర్డుకు నేరుగా ఉన్న వెనక పోర్టుకు తగిలించి చూడడం ఖర్చులేని పరీక్ష.

డ్రైవ్ ఉన్నా బూట్ కాకపోతే ఏ పద్ధతిలో ఇన్‌స్టాల్ అయిందన్నది తేలాలి. పాత బయోస్ పద్ధతిలో ఫర్మ్‌వేర్ డిస్క్‌లోని మొదటి 512 బైట్లు చదువుతుంది. అందులో బూట్ కోడ్‌కు దక్కేది 446 బైట్లే; 64 బైట్లు పార్టిషన్ పట్టికకు, చివరి రెండు 55, ఏఏ అనే గుర్తుకు పోతాయి. అంత ఇరుకులో గ్రబ్ పట్టదు గనుక మిగతా భాగాన్ని మొదటి పార్టిషన్‌కు ముందున్న ఖాళీలో దాచుకుంటుంది. జీపీటీ పట్టిక ఉన్న డిస్క్‌లో ఆ ఖాళీని నమ్ముకోలేం. అక్కడ బయోస్ బూట్ పార్టిషన్ పేరుతో ఒక మెగాబైటు విడిగా కేటాయించాలి. దీని గుర్తింపు సంఖ్యలోని బైట్లను ఇంగ్లిషు అక్షరాలుగా చదివితే "హహ్! నాకు ఈఎఫ్‌ఐ అక్కర్లేదు" అన్న అర్థం వచ్చే మాటలు కనిపిస్తాయి, గ్రబ్ రాసినవారి చిలిపితనం. మరీ పాత బయోస్‌లు కొన్ని యూఎస్‌బీ డిస్క్‌లో 137 జీబీ దాటిన భాగాన్ని చదవలేవు. అలాంటి చోట గ్రబ్ 'డిస్క్ బయట చదవబోయాను' అని చెప్పి ఆగిపోతుంది. /బూట్‌ను డిస్క్ మొదట్లో చిన్న పార్టిషన్‌గా పెడితే ఈ బాధ ఉండదు.

లైవ్ డ్రైవ్‌తో లేచాక /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ అన్న ఫోల్డర్ ఉంటే ప్రస్తుతం కొత్తదైన యూఈఎఫ్‌ఐ పద్ధతిలో లేచినట్టు, లేకపోతే బయోస్ పద్ధతిలో లేచినట్టు. ఇన్‌స్టాల్ చేసేటప్పుడు ఒక పద్ధతి, వాడేటప్పుడు మరో పద్ధతి అయినందువల్లే సగం తంటాలు.

మదర్‌బోర్డులో మిగిలిపోయే జ్ఞాపకం

యూఈఎఫ్‌ఐలో బూట్ లోడర్ ఒక మామూలు ఫైల్. ఈఎస్‌పీ అనే ఫ్యాట్32 పార్టిషన్‌లో ఉంటుంది. ఆ ఫైల్ ఏ డిస్క్‌లో, ఏ ఫోల్డర్‌లో ఉందన్న పద్దు మాత్రం మదర్‌బోర్డులోని ఎన్‌వీర్యామ్‌లో నమోదవుతుంది. డ్రైవ్‌ను ఇంకో కంప్యూటర్‌కు తీసుకెళ్తే ఆ పద్దు వెంట రాదు. పద్దు లేని డ్రైవ్‌లో ఫర్మ్‌వేర్ వెతికే చోటు ఒక్కటే: ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లోని బూట్ ఫోల్డర్‌లో, 64 బిట్ ఇంటెల్, ఏఎండీ యంత్రాలకైతే బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ అన్న ఫైల్. చాలా డిస్ట్రోలు తమ గ్రబ్‌ను ఉబుంటు, డెబియన్ వంటి సొంత పేరు గల ఫోల్డర్‌లో పెట్టి, ఎన్‌వీర్యామ్‌లో ఒక పద్దు రాసి ఊరుకుంటాయి. లోపలి డిస్క్‌కు అది చాలు. తిరిగే డ్రైవ్‌కు చాలదు.

ఇంతకంటే పెద్ద చేటు ఉబుంటు పాత ఇన్‌స్టాలర్ యుబిక్విటీ వల్ల జరిగేది. బూట్ లోడర్ ఎక్కడ పెట్టాలన్న గడిలో పెన్ డ్రైవ్‌నే ఎంచుకున్నా, యూఈఎఫ్‌ఐ పద్ధతిలో అది ఆ మాట పట్టించుకోకుండా తనకు మొదట దొరికిన ఈఎస్‌పీలో గ్రబ్‌ను పెట్టేది. మొదట దొరికేది సాధారణంగా లోపలి డిస్క్‌లో విండోస్ వాడుకుంటున్నదే. బగ్‌గా నమోదైనా ఈ లోపం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోయింది. ఎంపిక గడి చూపించి ఆ ఎంపికను లెక్కచేయకపోవడం కంటే అసలు గడి చూపించకపోవడమే నయం.

ఫలితం రెండు వైపులా. పెన్ డ్రైవ్‌లో బూట్ లోడర్ ఉండదు కాబట్టి వేరే కంప్యూటర్‌లో లేవదు. ఇటు ఇంటి కంప్యూటర్‌లో డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే విండోస్ బదులు 'గ్రబ్>' అన్న ప్రాంప్ట్ వస్తుంది. లోపలి ఈఎస్‌పీని మౌంట్ చేసి చూస్తే ఈఎఫ్‌ఐ ఫోల్డర్‌లో మైక్రోసాఫ్ట్ పక్కనే ఉబుంటు అన్న ఫోల్డర్ కనబడుతుంది. అందులోని గ్రబ్.సీఎఫ్‌జీలో ఉండేవి మూడే వరుసలు: ఫలానా యూయూఐడీ ఉన్న పార్టిషన్‌ను వెతుకు, దానిలోని బూట్/గ్రబ్ ఫోల్డర్‌ను నీ స్థావరంగా పెట్టుకో, అక్కడున్న అసలు మెనూ ఫైల్‌ను చదువు. ఆ యూయూఐడీ పెన్ డ్రైవ్‌ది. అది జేబులో ఉంటే గ్రబ్ మాత్రం ఏం చేస్తుంది? విండోస్‌కు ఏమీ కాలేదు. బూట్ మెనూలో విండోస్ బూట్ మేనేజర్‌ను ఎంచుకుంటే లేస్తుంది. లినక్స్‌లో ఈఎఫ్‌ఐబూట్‌ఎమ్‌జీఆర్ కమాండ్‌తో వరస మార్చవచ్చు, అక్కర్లేని పద్దును తీసేయవచ్చు.

డ్రైవ్ వైపు సవరణకు ముందుగా దానిలోనే ఒక ఈఎస్‌పీ ఉండాలి. లైవ్ డ్రైవ్‌తో లేచి, పెన్ డ్రైవ్‌లోని రూట్ పార్టిషన్‌ను /ఎంఎన్‌టీ కింద, దాని ఈఎస్‌పీని /ఎంఎన్‌టీ/బూట్/ఈఎఫ్‌ఐ కింద మౌంట్ చేయాలి. /డెవ్, /ప్రాక్, /సిస్, /రన్ ఫోల్డర్లను లోపలికి బైండ్ చేసి, సీహెచ్‌రూట్‌తో అందులోకి దిగాలి. అక్కడ గ్రబ్-ఇన్‌స్టాల్‌ను --రిమూవబుల్ అన్న ఆప్షన్‌తో నడిపితే లోడర్ సరిగ్గా బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ పేరుతోనే పడుతుంది. దిగేముందు ఎల్‌ఎస్‌బీఎల్‌కే ఇచ్చి ఏది లోపలి డిస్క్, ఏది పెన్ డ్రైవ్ అన్నది సైజు చూసి ఖరారు చేసుకోవడం తప్పనిసరి. ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు కంప్యూటర్‌ను బట్టి, తగిలించిన వరసను బట్టి తారుమారవుతాయి.

డెబియన్ వారసత్వపు డిస్ట్రోలలో ఇంకో మెలిక ఉంది. చేత్తో --రిమూవబుల్ ఇచ్చి పెట్టిన కాపీ గ్రబ్ ప్యాకేజీ అప్‌డేట్ అయినప్పుడు దానంతట అది మారదు. డీపీకేజీ-రీకన్ఫిగర్‌తో గ్రబ్ ప్యాకేజీని తిరిగి అమర్చి, రిమూవబుల్ చోట కూడా పెట్టాలా అన్న ప్రశ్నకు అవునంటే అప్పటి నుంచి అదే చూసుకుంటుంది. లోడర్ పాతది, మాడ్యూళ్లు కొత్తవి అయితే ఏమవుతుందో 2020 జులైలో చాలామంది చూశారు. బూట్‌హోల్ అనే భద్రతా లోపాన్ని సరిచేసే అప్‌డేట్ తర్వాత, బయోస్ పద్ధతిలో గ్రబ్ వేరే డిస్క్‌లో ఉండిపోయిన యంత్రాలు 'గ్రబ్_క్యాలక్ సింబల్ దొరకలేదు' అని చెప్పి ఆగిపోయాయి.

గ్రబ్‌కు బదులు సిస్టమ్‌డీ-బూట్ వాడితే ఈ గొడవ తక్కువ. బూట్‌సీటీఎల్ ఇన్‌స్టాల్ కమాండ్ అడగకుండానే రిమూవబుల్ చోట కూడా ఒక కాపీ పెడుతుంది. అన్నిటికంటే సులువైన జాగ్రత్త ఇన్‌స్టాల్ చేసేముందే లోపలి డిస్క్‌ను ఫర్మ్‌వేర్‌లో ఆపేయడం, డెస్క్‌టాప్ అయితే కేబుల్ పీకేయడం. కనబడని ఈఎస్‌పీలో ఏ ఇన్‌స్టాలరూ చేయి పెట్టలేదు.

సెక్యూర్ బూట్, బిట్‌లాకర్

సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే ఫర్మ్‌వేర్ సంతకం ఉన్న లోడర్‌నే నడుపుతుంది. ఉబుంటు, ఫెడోరా, డెబియన్ వంటివి మైక్రోసాఫ్ట్ సంతకం చేసిన షిమ్ అనే చిన్న ప్రోగ్రామ్‌ను ముందు పెట్టి, దాని ద్వారా గ్రబ్‌ను నడుపుతాయి. అలాంటప్పుడు షిమ్ బూట్‌ఎక్స్64.ఈఎఫ్‌ఐ పేరుతో ఉండి, గ్రబ్ ఫైల్ దాని పక్కనే ఉండాలి. పాత ఉబుంటు ఫోల్డర్‌ను తీసేయకూడదు. సంతకం చేసిన గ్రబ్ తన గ్రబ్.సీఎఫ్‌జీ కోసం ఆ ఫోల్డర్‌లోనే చూస్తుంది. కాపీ చేయాలి, కట్ చేయకూడదు.

సంతకం ఉన్నా చెల్లని సందర్భం 2024 ఆగస్టులో వచ్చింది. పాత షిమ్, గ్రబ్ వెర్షన్లను ఎస్‌బ్యాట్ అనే పట్టిక ద్వారా నిషేధించే మార్పు ఒకటి విండోస్ అప్‌డేట్‌తో వచ్చింది. విండోస్, లినక్స్ రెండూ ఉన్న యంత్రాలకు అది వర్తించకూడదని మైక్రోసాఫ్ట్ అనుకున్నా వర్తించింది. దాంతో పాత పెన్ డ్రైవ్‌లు 'ఎస్‌బ్యాట్ తనిఖీ విఫలం, భద్రతా విధాన ఉల్లంఘన' అన్న సందేశంతో కంప్యూటర్‌ను ఆపేశాయి. కొత్త షిమ్ పెట్టుకోవడమే సరైన దారి. అప్పటిదాకా సెక్యూర్ బూట్ ఆపి నడుపుకోవచ్చు.

ఆపేముందు ఒక్క మాట. విండోస్ డిస్క్‌కు బిట్‌లాకర్ ఉంటే సెక్యూర్ బూట్‌ను మార్చిన తర్వాత విండోస్ 48 అంకెల రికవరీ కీ అడగవచ్చు. ఆ కీ ఎక్కడుందో తెలుసుకోకుండా, ముఖ్యంగా ఆఫీసు ల్యాప్‌టాప్‌లో, ఫర్మ్‌వేర్ సెట్టింగుల జోలికి పోకూడదు.

గ్రబ్ ప్రాంప్ట్ దగ్గర

'గ్రబ్>' వస్తే గ్రబ్ పూర్తిగా లేచిందనీ, మెనూ ఫైల్ మాత్రమే దొరకలేదనీ అర్థం. 'గ్రబ్ రెస్క్యూ>' వస్తే దానికి తన మాడ్యూళ్లు కూడా దొరకలేదు. రెండు చోట్లా మొదటి అడుగు ఎల్‌ఎస్ కమాండే. అది కనిపించే డిస్క్‌లు, పార్టిషన్లు చూపిస్తుంది. ఒక్కోదానిలో బూట్/గ్రబ్ ఉందేమో వెతకాలి. దొరికాక రూట్, ప్రిఫిక్స్ అన్న రెండు విలువలను దానికి సెట్ చేసి, ఇన్స్‌మాడ్ నార్మల్, ఆపైన నార్మల్ అని టైప్ చేస్తే మెనూ వస్తుంది. ఈఎక్స్‌టీ4 పార్టిషన్ ఎదురుగా ఉన్నా 'తెలియని ఫైల్ సిస్టమ్' అంటే డ్రైవ్ చెడిందని కంగారుపడనక్కర్లేదు. 2023లో వచ్చిన ఈ2ఎఫ్‌ఎస్‌ప్రాగ్స్ 1.47 నుంచి కొత్త ఈఎక్స్‌టీ4 పార్టిషన్లకు అదనపు లక్షణాలు వాటంతట అవే చేరుతున్నాయి. వాటిని పాత గ్రబ్ చదవలేదు.

రూట్ దొరకలేదన్నప్పుడు

ఉబుంటు, డెబియన్‌లలో 'రూట్ ఫైల్ సిస్టమ్ కోసం ఎదురుచూసి విసిగిపోయాను' అనే ధోరణిలో నాలుగు వరుసలు, 'ఫలానా యూయూఐడీ లేదు' అన్న హెచ్చరిక, కింద '(ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్)' ప్రాంప్ట్ వస్తాయి. ఇక్కడ వేయాల్సిన మొదటి ప్రశ్న: డ్రైవ్ కెర్నెల్‌కు అసలు కనబడిందా? బీఎల్‌కేఐడీ అని కొట్టి చూడాలి. ఒకటి రెండు నిమిషాలు ఆగి కొడితే డ్రైవ్ కనబడిందంటే అది ఆలస్యంగా మేలుకునే రకం. ఎగ్జిట్ అని కొడితే అక్కడి నుంచే బూట్ కొనసాగవచ్చు. శాశ్వత పరిష్కారం కెర్నెల్ వరుసలో రూట్‌డిలే విలువ పెంచడం.

ఎంతసేపు ఆగినా కనబడకపోతే డ్రైవర్ లేదన్నమాట. ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ తయారుచేసే పనిముట్లు సైజు తగ్గించుకోవడానికి ఆ కంప్యూటర్‌కు అవసరమైన మాడ్యూళ్లనే ఎంచుకోగలవు. ఫెడోరాలో డ్రాకట్ హోస్ట్-ఓన్లీ పద్ధతి, ఆర్చ్‌లో ఎంకేఇనిట్‌సీపీఐఓ ఆటోడిటెక్ట్ హుక్, డెబియన్‌లో మాడ్యూల్స్ విలువను 'డెప్' అని పెట్టడం ఇవన్నీ ఒకే తానులో ముక్కలు. ఒక యంత్రంలో తయారైన ఆ మూటలో ఇంకో యంత్రపు యూఎస్‌బీ కంట్రోలర్‌కు కావలసిన డ్రైవర్ ఉండకపోవచ్చు. విరుగుడు తెలిసిందే: డెబియన్, ఉబుంటులలో 'మోస్ట్' అని ఉంచి అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ నడపాలి. డ్రాకట్‌లో హోస్ట్-ఓన్లీని ఆపాలి. ఆర్చ్‌లో బ్లాక్, కీబోర్డ్ హుక్‌లను ఆటోడిటెక్ట్ కంటే ముందు పెట్టాలి. కీబోర్డ్ ప్రస్తావన ఎందుకంటే, డిస్క్‌ను లక్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసినవారు పాస్‌వర్డ్ ఈ దశలోనే కొట్టాలి. పక్క కంప్యూటర్ కీబోర్డ్‌కు డ్రైవర్ లేకపోతే తాళం చేతిలో ఉన్నా తలుపు దగ్గరే నిలబడాలి.

మూడో అవకాశం యూఏఎస్ అనే యూఎస్‌బీ డేటా బదిలీ పద్ధతి. వేగవంతమైన ఈ పద్ధతిని కొన్ని ఎన్‌క్లోజర్లలోని బ్రిడ్జ్ చిప్‌లు పైకి ఒప్పుకుంటాయి కానీ నిలకడగా పాటించవు. డ్రైవ్ కనబడుతుంది, మాయమవుతుంది, మళ్లీ రీసెట్ అవుతుంది. ఎల్‌ఎస్‌యూఎస్‌బీ చూపించే నాలుగేసి అంకెల జంటను తీసుకుని, కెర్నెల్ వరుసలో యూఎస్‌బీ-స్టోరేజ్.క్విర్క్స్‌కు ఆ జంటనూ, చివర 'యు' అక్షరాన్నీ ఇస్తే ఆ చిప్‌కు యూఏఎస్ ఆగిపోయి పాత పద్ధతి అమలవుతుంది. వేగం కొంత తగ్గుతుంది, సిస్టమ్ లేస్తుంది.

రూట్ దొరికిన తర్వాత

తెర మీద ఒక డివైస్ కోసం 'స్టార్ట్ జాబ్' నడుస్తోందంటూ నిమిషం ముప్పై సెకన్ల గడువు లెక్క కనబడితే, మౌంట్ చేయాల్సిన పార్టిషన్ల జాబితా ఉండే ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చూడాలి. ఇన్‌స్టాల్ చేసిన కంప్యూటర్‌లోని స్వాప్ పార్టిషనో, ఈఎస్‌పీనో అందులో నమోదై ఉంటుంది. ఇక్కడ అది లేదు. 90 సెకన్లు వేచి, కొన్ని సందర్భాల్లో ఎమర్జెన్సీ మోడ్‌లోకి దిగిపోతుంది. ఆ వరుసను తీసేయాలి, లేదా నోఫెయిల్ జోడించాలి. గ్రాఫిక్స్ విషయం సూటి: ఎన్‌విడియా సొంత డ్రైవర్ వేసుకున్న డ్రైవ్‌ను ఇంటెల్ యంత్రానికి తగిలిస్తే నల్లతెర రావడం వింత కాదు. నోమోడ్‌సెట్‌తో లేచి ఆ డ్రైవర్ తీసేయాలి. తిరిగే డ్రైవ్‌లో కెర్నెల్‌తో వచ్చే డ్రైవర్లతో సరిపెట్టుకోవడమే మేలు.

డ్రైవే చెడితే

డీమెస్గ్‌లో ఐ/ఓ ఎర్రర్లు, 'డివైస్ డిస్క్రిప్టర్ రీడ్' పక్కన -71 లేదా -110 కనబడితే సాఫ్ట్‌వేర్‌ను వదిలి కేబుల్, పోర్ట్, డ్రైవ్ మార్చి చూడాలి. చవగ్గా దొరికే పెన్ డ్రైవ్‌లలో చెప్పిన సామర్థ్యం లేనివి ఉంటాయి. నిండేదాకా బాగానే ఉండి, ఆ తర్వాత రాసినవి గల్లంతవుతాయి. ఎఫ్3 అనే ప్రోగ్రామ్‌తో ముందే పరీక్షించవచ్చు. మామూలు పెన్ డ్రైవ్ చిన్న చిన్న ఫైళ్లు రాయడంలో బాగా నెమ్మది. అప్‌డేట్ మధ్యలో విసుగొచ్చి పీకేస్తే కెర్నెల్ ఫైల్ సగంలోనే ఆగిపోతుంది. రోజూ వాడేవారికి యూఎస్‌బీ ఎస్‌ఎస్‌డీ తగినది.

మ్యాక్, రాస్ప్‌బెరీ పై

ఇంటెల్ మ్యాక్‌లలో ఆప్షన్ మీట పట్టుకుని ఆన్ చేస్తే డ్రైవ్ కనబడుతుంది. టీ2 చిప్ ఉన్నవాటిలో బయటి డ్రైవ్ నుంచి బూట్‌కు ముందే అనుమతి ఇవ్వాలి, దానికి రికవరీలోని స్టార్టప్ సెక్యూరిటీ యుటిలిటీకి వెళ్లాలి. ఎం1 మొదలైన ఆపిల్ చిప్‌ల యంత్రాలకు పీసీ కోసం చేసిన లినక్స్ డ్రైవ్ పనికిరాదు.

రాస్ప్‌బెరీ పైలో బయోస్ గానీ యూఈఎఫ్‌ఐ గానీ ఉండవు, దాని బూట్ పద్ధతే వేరు. పై 3బీలో ఒకసారి రాస్తే చెరగని ఓటీపీ బిట్‌ను సెట్ చేస్తేనే యూఎస్‌బీ నుంచి లేస్తుంది. 3బీ ప్లస్‌లో అది ఫ్యాక్టరీలోనే సెట్ అయి వస్తుంది. పై 4 2019 జూన్‌లో యూఎస్‌బీ బూట్ లేకుండానే మార్కెట్లోకి వచ్చింది. 2020 సెప్టెంబరులో వచ్చిన బూట్ లోడర్‌తో ఆ సౌకర్యం స్థిరపడింది. అంతకుముందు కొన్న బోర్డు అయితే ఎస్‌డీ కార్డుతో ఒకసారి లేపి దాని ఈఈప్రామ్‌ను అప్‌డేట్ చేయాలి. యూఏఎస్ సవరణ ఇక్కడ సీఎమ్‌డీలైన్.టీఎక్స్‌టీలో రాయాలి. ఆ ఫైల్‌లో ఉండాల్సింది ఒకే వరుస, మధ్యలో ఎంటర్ కొడితే కింది వరుసలోకి జారినవేవీ కెర్నెల్‌కు చేరవు.